కూ చీ సొరంగాలకు వెళ్లే తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

వియత్నాంలోని కూ చీకి నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి ఒంటరిగా, రెండోసారి అమ్మానాన్నలతో, మూడోసారి పిల్లలున్న స్నేహితుల కుటుంబాలతో. అప్పటి నుంచి మావాళ్లలో ఎవరు ఆ దేశం బయలుదేరినా నాకు ఫోను చేస్తారు, ఇంచుమించు అవే సందేహాలు అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## బయలుదేరే ముందు

కూ చీ అంటే ఏమిటి? గుహలా, కోటలా?

రెండూ కాదు. మనుషులు పారలతో తవ్వి, మట్టిని వెదురు గంపలతో ఎత్తిపోసి, నేలకింద కట్టుకున్న ఊళ్లు అవి. హో చి మిన్ నగరానికి, అంటే పాత సైగాన్‌కు, వాయవ్య దిశలో ఉన్నాయి. ఫ్రెంచి పాలకులపై పోరాటం సాగుతున్న 1940ల చివర్లో తవ్వకం మొదలైంది. తొలిరోజుల్లో అవి మనుషులు దాక్కోవడానికి, ఆయుధాలు దాచడానికి ఏ ఊరికి ఆ ఊరు తవ్వుకున్న బొరియలు. 1960లలో అమెరికాతో యుద్ధం ముదిరాక వాటిని ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోయారు. చివరికి మొత్తం పొడవు 250 కిలోమీటర్లకు చేరిందని వియత్నాం ప్రభుత్వం చెబుతుంది. వంటగదులు, బావులు, నిద్రపోయే గదులు, గాయపడినవారికి వైద్యం చేసే గదులు, ఆయుధాలు తయారుచేసే చోట్లు, అన్నీ నేలకిందే ఉండేవి. మనకు చూపించేది అందులో చాలా చిన్న భాగం.

బెన్ దిన్, బెన్ దువోక్ అని రెండు పేర్లు కనిపిస్తున్నాయి. ఏది ఎంచుకోవాలి?

రెండూ కూ చీలోనివే, కానీ వేర్వేరు చోట్లు. బెన్ దిన్ నగరానికి దగ్గర, కాబట్టి టూరు బస్సులు ఎక్కువగా అక్కడికే వెళ్తాయి. పదింటికల్లా అక్కడ జాతర ఉన్నట్టే ఉంటుంది. బెన్ దువోక్ నగరం నడిబొడ్డు నుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆవరణ విశాలం, జనం తక్కువ. సైగాన్ ప్రాంతపు కమ్యూనిస్టు పార్టీ కమిటీ, సైనిక నాయకత్వం యుద్ధకాలంలో ఉన్నది అక్కడే. అమరుల స్మారక మందిరం కూడా అక్కడే ఉంది. సగం రోజులో చూసి రావాలంటే బెన్ దిన్ చాలు. ఒక రోజంతా కేటాయించగలిగితే మాత్రం బెన్ దువోక్‌కే వెళ్లండి. రెండూ చూసినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. అక్కడ నిశ్శబ్దంగా నిలబడి ఆలోచించుకునే వీలుంటుంది. స్థానికులు ఆ పేరును ‘బెన్ యుఓక్’ అన్నట్టు పలుకుతారు, డ్రైవరుకు చెప్పేటప్పుడు ఇది పనికొస్తుంది.

ఏ నెలల్లో వెళ్లడం మంచిది?

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొడి కాలం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ మన కోస్తా ఎండలాగే ఉక్కపోస్తుంది, కాబట్టి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటాయి. మే నుంచి నవంబరు వరకు వానలు. చాలా రోజుల్లో వాన మధ్యాహ్నం తర్వాతే దంచి కొడుతుంది, ఉదయం వెళ్తే ఇబ్బంది ఉండదు. చాంద్రమాన నూతన సంవత్సరం, వాళ్ల ‘టెట్’ పండుగ, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ వారంలో దుకాణాలు, వాహనాలు దొరకడం కష్టం. తేదీలు చూసుకుని టికెట్లు కొనండి.

అమ్మానాన్నలకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. తీసుకెళ్లవచ్చా?

నిస్సంకోచంగా తీసుకెళ్లండి, కానీ సొరంగంలోకి దించకండి. చూడవలసిన వాటిలో ఎక్కువ భాగం చెట్ల నీడన, నేల మీదే ఉంటుంది. దాక్కునే రంధ్రాలు, పుట్టలా కనిపించే గాలి దారులు, పైకప్పు తీసి చూపించే గదులు, బాంబులు పడిన గుంతలు, శత్రువుకు పెట్టిన ఉచ్చుల నమూనాలు, ఇవన్నీ నడుస్తూ చూడవచ్చు. నడక మాత్రం గంటన్నర పైమాటే, నేల అక్కడక్కడా ఎగుడుదిగుడుగా ఉంటుంది. మా నాన్న చేతికర్రతోనే అంతా తిరిగారు. మేము సొరంగంలోకి దిగినప్పుడు బయట బల్ల మీద కూర్చుని ఆ ఎర్రమట్టిని చేతిలోకి తీసుకుని, ‘మన మొరం నేలలాగే ఉందిరా’ అన్నారు. గుండె జబ్బు, ఆయాసం, అధిక రక్తపోటు, నడుము నొప్పి ఉన్నవారు, గర్భిణులు పైన చూసినంతతో సరిపెట్టుకోవాలి.

ఇరుకు చోటంటే నాకు భయం. అంత దూరం వెళ్లి లాభం ఉందా?

ఉంది. లోపలికి దిగడం తప్పనిసరి కాదు, ఎవరూ బలవంతం చేయరు. దిగాలనిపిస్తే వరుసలో చివర నిలబడండి. వెనక ఎవరూ లేరన్న ధైర్యం ఉంటే సగం భయం పోతుంది. పర్యాటకుల సొరంగానికి కొద్ది దూరానికొకటి చొప్పున బయటికి వచ్చే దారులు ఉన్నాయి. మొదటి దారిలోనే పైకి వచ్చేసినా తప్పులేదు, నా మొదటి ప్రయాణంలో నేనూ అలాగే వచ్చేశాను.

ఏ బట్టలు వేసుకోవాలి? ఏమేమి తీసుకెళ్లాలి?

మోకాళ్లు కప్పే ముదురురంగు ప్యాంటు, పాతబడినా ఫరవాలేదనుకునే చొక్కా, పట్టు ఉన్న బూట్లు. లోపల కూర్చుని, వంగి, ఒక్కోచోట చేతులు నేలకు ఆనించి కదలాలి, అందుకే చీర, పొడవాటి చున్నీ వద్దు. దోమల మందు తప్పక రాసుకోండి. ఒక్కొక్కరికి లీటరు నీళ్లు, చేతి రుమాలు చాలు. వీపున పెద్ద సంచి ఉంటే సొరంగపు పైకప్పుకు తగులుతుంది, వాహనంలోనే వదిలేయండి.

వీసా ఎలా? ఖర్చు ఎంత అవుతుంది?

భారతీయులకు ఎలక్ట్రానిక్ వీసా ఇస్తారు. గరిష్ఠంగా 90 రోజులు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. వియత్నాం ప్రభుత్వ వెబ్‌సైటులోనే దరఖాస్తు చేయండి, దాన్ని పోలిన పేర్లతో మధ్యవర్తుల సైట్లు చాలా ఉన్నాయి. అక్కడి డబ్బు డాంగ్. మన రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి, కాబట్టి ధర చూసి కంగారు పడకండి. ప్రవేశ రుసుము మన లెక్కలో కొన్ని వందల రూపాయలే. అసలు ఖర్చంతా వాహనానిదే.

## దారిలో

నగరం నుంచి ఎలా వెళ్లాలి?

మూడు దారులున్నాయి. అందరితో కలిసి వెళ్లే టూరు బస్సు చౌక. ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగి వస్తుంది, గైడు కూడా ఉంటాడు. సైగాన్ నది మీద వేగపు పడవలో వెళ్లవచ్చు. ఖరీదు ఎక్కువ, కానీ ఆ నదిని చూస్తే ఈ ప్రాంతం సైన్యాలకు ఎందుకంత ముఖ్యమైందో అర్థమవుతుంది. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే సొంతంగా కారు మాట్లాడుకోవడం మేలు. రోడ్డున ఒకటిన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఊరి బస్సుల్లో మారి మారి వెళ్లడమూ సాధ్యమే, కానీ రోజంతా దానికే పోతుంది. ఎలా వెళ్లినా ఉదయం ఎనిమిదిలోపు అక్కడ ఉండేలా చూసుకోండి. ఎండ, జనం రెండూ తప్పుతాయి.

టూరు బస్సు దారిలో ఏదో దుకాణం దగ్గర ఆపుతుందట. నిజమేనా?

నిజమే, చాలా టూర్లు ఒక హస్తకళల కేంద్రం దగ్గర ఆగుతాయి. కోడిగుడ్డు పెంకులు, ముత్యపు చిప్పల ముక్కలు అతికి, లక్క మెరుగు పెట్టిన బొమ్మలు అక్కడ చేస్తుంటారు. కొన్నిచోట్ల పనిచేసేవారు వైకల్యం ఉన్నవారు. అడవి ఆకులు రాలిపోవడానికి అమెరికా విమానాలు 1962 నుంచి 1971 దాకా చల్లిన విషపు మందులే ఆ వైకల్యాలకు కారణమని గైడు చెబుతాడు. కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం. పని చూడటానికి పది నిమిషాలు కేటాయించండి, ఆ వేళ్ల నేర్పు చూడదగినది.

మేము శాకాహారులం. తిండికి ఎలా?

‘ఆన్ చై’ అన్న మాట నేర్చుకోండి, ‘శాకాహారం తింటాం’ అని అర్థం. బౌద్ధ సంప్రదాయం ఉన్న దేశం కాబట్టి ఆ మాట అందరికీ తెలుసు. జాగ్రత్త పడవలసింది చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసే నీరు ‘నూక్ మామ్’ విషయంలో. కూరగాయల వంటకంలోనూ అది పోస్తారు, వద్దని ముందే చెప్పాలి. సొరంగాల దగ్గర తినడానికి పెద్దగా ఏమీ దొరకదు. పులిహోరో చపాతీలో కట్టుకుని వెళ్లండి, లేదా నగరానికి తిరిగి వచ్చాక భారతీయ భోజనశాలలో తినండి.

## అక్కడికి చేరాక

లోపల ఎలా ఉంటుంది? ఎంత దూరం వెళ్లాలి?

మొదట ఆకుల కప్పున్న హాలులో నలుపు తెలుపుల పాత చిత్రం ఒకటి చూపిస్తారు. మూడు అంతస్తుల సొరంగాలను కోసి చూపించే నమూనా కూడా అక్కడ ఉంటుంది. మొదటి అంతస్తు సుమారు మూడు మీటర్ల లోతున, రెండోది ఆరు మీటర్ల దగ్గర, మూడోది ఎనిమిది మీటర్లు దాటి ఉండేవి. ఆ నమూనా ముందు రెండు నిమిషాలు ఎక్కువ నిలబడండి, తర్వాత చూసేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

పర్యాటకుల కోసం కొన్ని భాగాలను వెడల్పు చేసి, అక్కడక్కడా దీపాలు పెట్టారు. వెడల్పు చేశాక కూడా నిటారుగా నిలబడలేం. మొత్తం దూరం ఓ వంద మీటర్లు ఉంటుంది. వినడానికి చాలా తక్కువ, నడుము వంచి బాతు నడక నడిస్తే తెలుస్తుంది ఎంత దూరమో. మొదటి ఇరవై మీటర్లకే చాలామంది పైకి వచ్చేస్తారు. అసలు సొరంగాలు మనిషి భుజాలు పట్టేంత వెడల్పు, మోకాళ్ల మీద పాకేంత ఎత్తు మాత్రమే ఉండేవి. చీకట్లో, చెమటలో, తోటివారి ఊపిరి వింటూ అందులో రోజులు, వారాలు గడిపారు. మలేరియా, కడుపులో పురుగులు యుద్ధంతో పోటీపడి మనుషులను పీల్చాయి. మనం పది నిమిషాలకే గాలి కోసం తొందరపడతాం. ఆ తేడా ఒంటికి తెలియాలన్నదే లోపలికి దిగమని నేను చెప్పడానికి కారణం.

నేల మీద చిన్న చెక్క మూత తీసి గైడు లోపలికి మాయమవుతాడు. మనమూ దిగవచ్చా?

సాధారణంగా దిగనిస్తారు. అది దాక్కునే రంధ్రం. మూత ఒక పెద్ద పుస్తకం తెరిచి పెట్టినంత ఉంటుంది. రెండు కాళ్లూ లోపల పెట్టి, చేతులు పైకెత్తి, మూతను తలమీదికి లాక్కుంటూ దిగాలి. మూతమీద ఆకులు సర్దితే పక్కనే నిలబడ్డవారికి కూడా ఆనవాలు దొరకదు. భుజాలు వెడల్పుగా ఉన్నవారు, పొట్ట ఉన్నవారు ప్రయత్నించకండి, ఇరుక్కుంటే పైకి లాగడం కష్టం.

పాములు, తేళ్లు ఉంటాయా?

జనం నిత్యం తిరిగే భాగాల్లో ఆ భయం అక్కర్లేదు. అప్పుడప్పుడూ గబ్బిలం ఎగురుతుంది, తల వంచుకుంటే అదే పోతుంది. చూడవలసిన జాగ్రత్త వేరొకటి ఉంది, గుర్తులు పెట్టిన దారి వదిలి చెట్లలోకి వెళ్లకండి. పేలకుండా మిగిలిన యుద్ధకాలపు బాంబులు వియత్నాంలో ఇప్పటికీ చాలాచోట్ల బయటపడుతున్నాయి.

పిల్లలకు చూపించవచ్చా? ఉచ్చుల నమూనాలు చూసి భయపడరా?

ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకు తప్పక చూపించండి. సొరంగంలో వాళ్లే మనకంటే సులువుగా కదులుతారు. ఉచ్చుల దగ్గర మాత్రం పక్కన ఉండండి. పదును పెట్టిన వెదురు మొలలు, తిరిగే మూతలు, ముళ్ల పలకలు వరుసగా ఉంటాయి, గైడు వాటిని కదిలించి చూపిస్తాడు. చుట్టూ ఉన్నవారు ఒక్కోసారి నవ్వుతుంటారు. మా బృందంలోని ఒక పాప మాత్రం ‘అందులో పడినవాళ్లు ఏమయ్యారు?’ అని అడిగింది. ఉన్నది ఉన్నట్టే చెప్పండి. పడినవాళ్లలో ఎక్కువమంది ఇరవై ఏళ్లవాళ్లు, తమకు తెలియని దేశానికి పంపబడినవాళ్లు.

తుపాకీ కాల్చే చోటు ఉందట. వెళ్లాలా?

ఉంది. ఏకే 47, ఎం 16 లాంటి నిజమైన తుపాకులతో లక్ష్యాన్ని కాల్చనిస్తారు. తూటాల లెక్కన డబ్బు తీసుకుంటారు, సాధారణంగా పదికి తక్కువ అమ్మరు. చట్టబద్ధమే, సిబ్బంది పక్కనే ఉంటారు. అయినా నేను వద్దంటాను. ఇంతమంది చనిపోయిన నేల మీద ఆ చప్పుడు ఆటగా వినిపించడం నాకు మింగుడుపడలేదు. ఆ శబ్దం ఆవరణంతా వినిపిస్తుంది, కాబట్టి చిన్నపిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

చివర్లో ఏదో దుంప పెడతారట. ఏమిటది?

మన కర్రపెండలమే. ఉడకబెట్టి, నువ్వులు, పల్లీలు, ఉప్పు, చక్కెర కలిపి దంచిన పొడితో, టీతో ఇస్తారు. బియ్యం దొరకని రోజుల్లో సొరంగాల్లోని వారికి అదే ఆహారం. పెద్దాపురం, సామర్లకోట వైపువారికి ఈ దుంప కొత్త కాదు, సగ్గుబియ్యం చేసేది దీంతోనే. మా అమ్మ రెండు ముక్కలు తిని, ‘కాస్త పచ్చిమిర్చి కారం ఉంటే ఇంకా బాగుండేది’ అంది. శాకాహారులు నిశ్చింతగా తినవచ్చు.

## చూస్తున్నప్పుడు వచ్చే సందేహాలు

ఇంత మట్టి తవ్వితే ఎక్కడ పోశారు? పైకప్పు కూలిపోలేదా?

తవ్విన కొత్తమట్టి విమానం నుంచి చూసేవారికి ఇట్టే పట్టిస్తుంది. అందుకే దాన్ని బాంబు గుంతల్లో, నదిలో పోశారు, పొలాల్లో కలిపేశారు. కూలకపోవడానికి కారణం నేల. అది బంకమట్టి, మొరం కలిసిన ఎర్రనేల. తడిగా ఉన్నప్పుడు పారకు లొంగుతుంది, ఎండితే రాయిలా బిగుస్తుంది. దారిని తిన్నగా కాకుండా వంకరటింకరగా తవ్వారు. లోపలికి కాల్చిన తూటా, పేలుడు గాలి, ఏదైనా మలుపు దగ్గరే ఆగిపోయేది.

నేలకింద వంట చేస్తే పొగ బయటికి కనిపించదా?

పొయ్యి నుంచి పొగ తిన్నగా పైకి పోదు. నేలలో తవ్విన పొడవాటి కాలువల గుండా, మధ్యలో గదులు దాటుతూ వెళ్లి, చల్లబడి, పొయ్యికి దూరంగా పలచగా బయటపడుతుంది. తెల్లవారుజామున మంచులో వండితే ఆ కాస్త పొగ కూడా మంచులో కలిసిపోయేది. ఈ పొయ్యిని ‘హోఆంగ్ కామ్’ పొయ్యి అంటారు. ఫ్రెంచి వారితో యుద్ధకాలంలో దీన్ని రూపొందించిన వంట సైనికుడి పేరు అది. ఒక వంటవాడి పేరు ఇలా నిలిచిపోవడం నన్ను మొదటి రోజే కదిలించింది. బెన్ దువోక్‌లో ఈ పొయ్యి చూపమని అడగండి.

అంత పెద్ద సైన్యం ఈ సొరంగాలను ఎందుకు నాశనం చేయలేకపోయింది?

ప్రయత్నించని రోజు లేదు. 1966 జనవరిలో అమెరికా, ఆస్ట్రేలియా సైనికులు సుమారు 8,000 మంది ‘క్రింప్’ అనే దాడిలో ఈ అడవుల్లోకి దిగారు. 1967 జనవరిలో ‘సెడార్ ఫాల్స్’ దాడికి దాదాపు 30,000 మంది వచ్చారు. ఆ దాడిలో నది అవతల ఉన్న బెన్ సుక్ అనే ఊరిని ఖాళీ చేయించి నేలమట్టం చేశారు. కుక్కలను తెచ్చారు. వాటిని ఏమార్చడానికి సొరంగాల్లోనివారు గాలి రంధ్రాల దగ్గర మిరియాల పొడి, అమెరికన్ సైనికులు వాడే సబ్బు పెట్టారు. సొంత మనుషుల వాసన తగిలిన కుక్క ముందుకు పోదు. అమెరికన్ సైనికులు సొరంగాల్లోకి నీళ్లు, విషవాయువు వదిలారు. లోపల నీటి మడుగులు, బిగుతైన మూతలు వాటిని అడ్డుకున్నాయి. చివరికి చిన్న ఆకారం ఉన్న సైనికులను ఒక పిస్తోలు, ఒక టార్చిలైటు ఇచ్చి లోపలికి పంపారు. ‘టన్నెల్ ర్యాట్స్’ అని పేరుపడిన ఆ సైనికుల ధైర్యం కూడా తక్కువది కాదు.

అయితే సొరంగాలకు ఏమీ కాలేదనుకోవడం పొరపాటు. యుద్ధం చివరి దశలో బీ 52 విమానాలు కురిపించిన బాంబులకు చాలా భాగం కూలిపోయింది. అంతకుముందే, 1968 టెట్ పండుగ రోజుల్లో సైగాన్‌తో సహా దక్షిణ వియత్నాం నగరాలపై జరిగిన ‘టెట్ దాడి’కి సన్నాహాలు ఇక్కడి నుంచే సాగాయి.

గైడు ‘వియత్ కాంగ్’ అంటాడు, బోర్డుల మీద వేరే పేరు ఉంటుంది. ఎందుకు?

‘వియత్ కాంగ్’ అన్నది ప్రత్యర్థులు పెట్టిన పేరు, ‘వియత్నాం కమ్యూనిస్టు’ అనే అర్థంలో. వాళ్లు తమను తాము దక్షిణ వియత్నాం జాతీయ విమోచన సంఘటన సభ్యులమని చెప్పుకున్నారు. 1960లో ఏర్పడిన సంస్థ అది. విదేశీయులకు తెలిసిన మాట కాబట్టి గైడులు పాత పేరే వాడతారు. పొలం పనిచేసే ఆడవాళ్లు, ముసలివాళ్లు, పదిహేనేళ్ల పిల్లలు కూడా ఆ పోరాటంలో ఉన్నారని గుర్తుంటే ఈ సొరంగాలు ఇళ్లలా కనిపిస్తాయి.

అక్కడ చెప్పేది ఒకవైపు కథేనా?

అవును, గెలిచినవారి కథ అది. పాత చిత్రంలో ఎక్కువ శత్రువులను చంపినవారిని వీరులుగా చూపిస్తారు. అది విన్నప్పుడు ఇబ్బందిగా ఉంటుంది. అమెరికా అండతో నడిచిన దక్షిణ వియత్నాం ప్రభుత్వం తరఫున పోరాడి ఓడినవారి మాట అక్కడ వినిపించదు, వాళ్లలో ఎందరో 1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనమయ్యాక దేశం విడిచి పడవల్లో వెళ్లిపోయారు. అలాగని చూసింది అబద్ధమని కాదు. గైడు వయసులో పెద్దవాడైతే, సమయం చూసి, ‘మీ ఇంట్లోవాళ్లు అప్పుడు ఎక్కడ ఉన్నారు?’ అని మర్యాదగా అడగండి. నాకు దొరికిన మంచి జవాబులన్నీ ఆ ఒక్క ప్రశ్నకు వచ్చినవే.

ఈ యుద్ధంతో మన దేశానికి ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. ఫ్రెంచి వారితో యుద్ధాన్ని ముగించిన 1954 జెనీవా ఒప్పందం అమలును పర్యవేక్షించడానికి ఏర్పడిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత వహించింది భారతదేశమే. కెనడా, పోలెండ్ మిగతా సభ్యులు. 1958లో ఉత్తర వియత్నాం అధ్యక్షుడు హో చి మిన్ మన దేశానికి వచ్చారు. గైడుతో మాట కలపడానికి ఇవి చాలు.

స్మారక మందిరంలో ఎలా ఉండాలి?

బెన్ దువోక్‌లోని ఆ మందిరాన్ని 1995లో ప్రారంభించారు. రాతి గోడల మీద 44,000కు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. భుజాలు, మోకాళ్లు కప్పుకోండి, టోపీ తీయండి, గొంతు తగ్గించండి. అగరువత్తి వెలిగించవచ్చు. ఒకే ఇంటిపేరు వరుసగా కనిపిస్తుంది. ఇంటిపేర్లు తక్కువ ఉన్న దేశం కాబట్టి అందరూ ఒకే కుటుంబమని కాదు, అయినా ఆ వరుసల ముందు కాళ్లు ఆగిపోతాయి.

## ఇంకా సమయం ఉంటే

మధ్య వియత్నాంలో విన్ మోక్ సొరంగాలు కూడా ఉన్నాయట. కూ చీ చూశాక అవి కూడా చూడాలా?

హ్యూ నగరానికి వెళ్తున్నట్లయితే తప్పక చూడండి. అక్కడి నుంచి సుమారు వంద కిలోమీటర్లు. కూ చీలో పోరాటం కోసం తవ్వారు, విన్ మోక్‌లో బతకడం కోసం తవ్వారు. ఉత్తర, దక్షిణ వియత్నాంలను విడదీసిన 17వ అక్షాంశ రేఖకు కాస్త ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఉన్న జాలరుల ఊరది. బాంబుల దెబ్బకు ఊళ్లో ఒక్క ఇల్లూ మిగలకపోవడంతో జనం మొత్తం నేలకిందికి మారారు. అడుగు అంతస్తు 20 మీటర్లకు పైగా లోతున ఉంది. దారులు ఎత్తుగా ఉంటాయి, తల కాస్త వంచితే నడిచి వెళ్లవచ్చు, కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి కూ చీ కంటే ఇదే నయం, మెట్లు మాత్రం జాగ్రత్త. దారికి పక్కగా ఒక్కో కుటుంబానికి ఒక్కో చిన్న గూడు ఉంటుంది, నలుగురు ముడుచుకుని పడుకునేంత. వాటి మధ్యే పురిటి గది ఉంది. ఆ సంవత్సరాల్లో అక్కడ 17 మంది పిల్లలు పుట్టారు.